సున్నా వస్తే బాగున్నట్టేనా? క్యూఎములో మెమరీ ఆరోగ్యం కోడ్, నా రివ్యూ నోట్సు

ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్‌ను) నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఎము. అందులో ఇప్పటికే చేరిపోయిన ప్యాచ్ (కోడ్ మార్పు) ఒకటి తీసుకుని, అది కొత్తగా నా ముందుకు రివ్యూకి వచ్చిందనుకుని చదవడం కొంతకాలంగా నా సరదా. ఎవరికీ పంపేది లేదు, ఎవరూ అడిగేదీ లేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్లు చూసుకోవడం నా పని. వడ్లు రాని నెలల్లో రాత్రిళ్లు తీరికే తీరిక.

ఈసారి తీసుకున్నది 2021లో పవర్ (ఐబీఎం ప్రాసెసర్ రకం) మెషీన్ల వైపు చేరిన కోడ్. హెచ్ ఎస్‌సీఎం హెల్త్ అనే హైపర్‌కాల్, అంటే లోపలి మెషీన్ బయటి సాఫ్ట్‌వేర్‌ను అడిగే పిలుపు. వర్చువల్ మెషీన్‌కు ఇచ్చిన పర్సిస్టెంట్ మెమరీ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) ఎలా ఉందని లోపలి ఓఎస్ కెర్నెల్ అడుగుతుంది, బయటి నుంచి క్యూఎము జవాబు చెబుతుంది. ఫంక్షన్ మొత్తం ఒక్క స్క్రీన్‌లో పడుతుంది. చిన్నదే కదా, ఒక పూటలో అయిపోతుందనిపించే రకం. అవ్వలేదు.

ముందు బిల్డ్ సంగతి

నా ల్యాప్‌టాప్ మామూలు ఇంటెల్‌ది, 8 జీబీ మెమరీ. దాని మీద పవర్ గెస్ట్ (లోపలి మెషీన్) నడపాలంటే ప్రాసెసర్‌ను నేరుగా వాడుకునే కేవీఎం సాయం ఉండదు, ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ క్యూఎములోని టీసీజీ అనే భాగం తర్జుమా చేసుకుంటూ పోవాలి. అందుకే నెమ్మది. కన్ఫిగర్ చేసేటప్పుడు టార్గెట్ లిస్టులో పీపీసీ64 సాఫ్ట్‌ఎంఎంయూ (64 బిట్ల పవర్ మెషీన్) ఒక్కటే ఇస్తే బిల్డ్ భారం బాగా తగ్గుతుంది. డాక్యుమెంట్లు, గ్రాఫిక్స్ తీసేశాను, సీరియల్ కన్సోల్ చాలు. గెస్ట్ డిస్కును స్నాప్‌షాట్ మోడ్‌లో పెట్టాను, మార్పులు అసలు ఫైలులోకి పోవు, కరెంటు పోయినా ఇమేజ్ పాడవదు. మా దగ్గర ఇది ముఖ్యం.

గెస్ట్ బూట్ అవుతుండగా కాంటా గుమస్తా వచ్చి తొంగి చూశాడు. "ఏందన్నా, గంట సంది నల్ల స్క్రీన్ దిక్కే చూస్తున్నవ్?" "మెషీన్ లేస్తున్నది తమ్మీ" అన్నాను. నమ్మినట్టు లేడు.

మెషీన్ టైపు పీసిరీస్, అందులో ఎన్‌వీడిమ్ (పర్సిస్టెంట్ మెమరీ మాడ్యూల్, కింద ఊరికే డిమ్ అన్నా ఇదే) ఆన్ చేయాలి. మెమరీ ఆప్షన్‌లో స్లాట్లు, గరిష్ఠ మెమరీ రెండూ ఇవ్వాలి. ఎన్‌వీడిమ్ డివైస్‌కు యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తప్పనిసరి. అసలు తిరకాసు సైజు దగ్గర. లేబుల్ భాగం (మెమరీని ఎలా పంచారో రాసుకునే చోటు) పోగా మిగిలేది 256 ఎంబీకి సరిగ్గా గుణిజం కావాలి. నేను 1 జీబీ మెమరీ, 128 కేబీ లేబుల్ అనుకున్నాను, కాబట్టి ఈ మెమరీకి వెనక నా ల్యాప్‌టాప్‌లో ఉండే ఫైలు సైజు 1073741824కు 131072 కలిపి 1073872896 బైట్లు. సరిగ్గా 1 జీబీయే ఇస్తే లేబుల్ అందులోంచే పోతుంది, లెక్క తప్పుతుంది, మెషీన్ అసలు లేవదు. గెస్ట్ కెర్నెల్‌లో ఈ మెమరీని నడిపే పాపర్ ఎస్‌సీఎం డ్రైవర్ ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. మొదటిసారి అన్‌ఆర్మ్డ్ ఆప్షన్ (డిమ్ డేటాను కాపాడుకోలేదని చెప్పేది, వివరం కింద ఉంది) ఆఫ్‌లో ఉంచి బూట్ చేసి, ఈ మెమరీని చూసుకునే ఎన్‌డీసీటీఎల్ కమాండ్‌తో నేమ్‌స్పేస్ (వాడుకునే భాగం) తయారు చేసుకున్నాను. తర్వాతే ఆప్షన్ ఆన్ చేసి మళ్లీ లేపాను. అన్‌ఆర్మ్డ్ డిమ్ ఉన్న రీజియన్‌ను కెర్నెల్ రీడ్ ఓన్లీ చేస్తుంది, అక్కడ కొత్త నేమ్‌స్పేస్ తయారు కాదు.

జవాబులో రెండు భాగాలు

ఈ హైపర్‌కాల్ నంబరు హెక్స్‌లో 400. అడిగేవాడు ఏ డిమ్ గురించి అడుగుతున్నాడో చెప్పే ఇండెక్స్ ఒకటి ఇస్తాడు. తిరిగి వచ్చేవి రెండు 64 బిట్ల సంఖ్యలు. మొదటిది ఆరోగ్యం బిట్‌మ్యాప్ (ఒక్కో బిట్ ఒక్కో సంగతి చెబుతుంది), రెండోది ఆ బిట్‌మ్యాప్‌లో ఏ బిట్లను నమ్మొచ్చో చెప్పే మాస్క్. పవర్ లెక్కలో బిట్ 0 అంటే ఎడమ చివరిది, కుడి చివరిది కాదు. అందుకే క్యూఎములో పీపీసీ బిట్ 0 అని రాసినా, లినక్స్‌లో ఒకటిని 63 స్థానాలు జరిపినా వచ్చేది ఒక్కటే, హెక్స్‌లో 8 పక్కన పదిహేను సున్నాలు.

ఆ బిట్ పేరు అన్‌ఆర్మ్డ్. కరెంటు పోతే ఈ డిమ్ తనలోని డేటాను కాపాడుకోలేదని అర్థం. మా కాంటా దగ్గర ఒక యూపీఎస్ ఉంది. పచ్చ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, లోపల బ్యాటరీ మాత్రం పోయింది. లారీ తూకం మీద ఉండగా కరెంటు పోతేనే ఆ సంగతి బయటపడుతుంది. ఎన్‌వీడిమ్ ఎన్ రకం మాడ్యూల్‌లోనూ డీర్యామ్ (కరెంటు పోతే చెరిగిపోయేది), ఫ్లాష్ (నిలిచేది) రెండూ ఉంటాయి. కరెంటు పోగానే డీర్యామ్‌లోది ఫ్లాష్‌లోకి దింపడానికి సరిపడా శక్తి దాచుకునే కెపాసిటర్ పాడైతే, ఆ డిమ్ అన్‌ఆర్మ్డ్ కింద లెక్క.

మిగతా బిట్లలో ముందటిసారి సరిగ్గా ఆగిందా, పాత డేటా తిరిగి వచ్చిందా, ఆయుష్షు అయిపోవచ్చిందా, ఎన్‌క్రిప్ట్ అయి ఉందా వంటివి ఉన్నాయి. క్యూఎము వాటిలో దేన్నీ ముట్టుకోదు. మాస్క్‌లో అన్‌ఆర్మ్డ్ బిట్ ఒక్కటే పెడుతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. వెనక ఉన్నది ఉత్త ఫైలు. దాని ఆయుష్షు ఎంతో క్యూఎముకు ఎలా తెలుస్తుంది? తెలిసింది ఒక్కటే, దాన్నే చెప్పింది. నిజానికి ఆ ఒక్కటీ కొలిచి చెప్పేది కాదు, మెషీన్ లేపేటప్పుడు మనం ఇచ్చిన ఆప్షన్‌నే గెస్ట్‌కు వినిపిస్తుంది.

చేతులు పెట్టి చూడటం

ఫంక్షన్‌లో లాగ్ లైను ఒకటి చేర్చి, గెస్ట్‌లో ఎన్‌మెమ్ 0 కింద పాపర్ ఫోల్డర్‌లోని ఫ్లాగ్స్ ఫైలు చదివాను. నాట్ ఆర్మ్డ్ అని వచ్చింది. వెంటనే మళ్లీ చదివితే క్యూఎము వైపు లాగ్‌లో ఏమీ పడలేదు. లినక్స్ డ్రైవర్ ఒకసారి అడిగిన జవాబును 60 సెకన్ల దాకా దాచుకుని అదే చూపిస్తుంది మరి. పరీక్షించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోకపోతే లేని బగ్ వెతుక్కుంటారు.

తర్వాత బిట్‌మ్యాప్‌ను అలాగే ఉంచి మాస్క్‌ను సున్నా చేశాను. నాట్ ఆర్మ్డ్ మాయమైంది. కెర్నెల్ రెండు సంఖ్యలనూ యాండ్ చేసి (రెండింటిలోనూ ఒకటిగా ఉన్న బిట్లనే ఉంచి) ఫలితం ఒక్కటే దాచుకుంటుంది, కాబట్టి సరైనదే.

ఇప్పుడు మాస్క్‌లో అన్ని బిట్లూ ఒకట్లు చేశాను. అంటే ఆయుష్షు, పాత డేటా, అన్నీ నాకు తెలుసు, అన్నీ బాగున్నాయి అని క్యూఎము చేత అబద్ధం చెప్పించడం. గెస్ట్‌లో తేడా? ఏమీ లేదు. ఎన్‌డీసీటీఎల్ మునుపటి లాగే ఆరోగ్యం ఓకే అంది.

ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను. తెలియని బిట్ సున్నా, బాగున్న బిట్ సున్నా. యాండ్ చేశాక రెండూ కలిసిపోతాయి. డ్రైవర్ పైకి పంపే జవాబులో ఆరోగ్యం మొదట బాగుంది అనే పెట్టుకుంటుంది, ఆరోగ్యం బాగాలేదని చెప్పే బిట్ కనిపిస్తేనే దించుతుంది, అన్‌ఆర్మ్డ్ బిట్‌కు దించదు. కొత్త కెర్నెళ్లలో అయితే ఈ హైపర్‌కాల్ అసలు లేని హోస్ట్ (బయటి మెషీన్) మీద కూడా ఖాళీ బిట్‌మ్యాప్ అనుకుని ముందుకు పోతుంది. కింద క్యూఎము నిజాయితీగా "నాకు ఇదొక్కటే తెలుసు" అన్న మాట, పైన స్క్రీన్ మీదికి వచ్చేసరికి "ఓకే" అయిపోయింది. దీన్ని క్యూఎము ప్యాచ్ మీద తప్పుగా రాయలేను, ఆ ఫంక్షన్ తన పని సరిగానే చేసింది. కానీ గెస్ట్ లోపల ఓకే చూసి ధైర్యపడే అడ్మిన్‌కు మాత్రం ఇది చెప్పి తీరాలి.

రివ్యూలో రాసుకున్నవి

ఇండెక్స్ తప్పయినా, డిమ్ ప్లగ్ చేసి లేకపోయినా, అది వేరే రకం డివైస్ అయినా ఫంక్షన్ హెచ్ పారామీటర్ (ఇచ్చిన విలువ తప్పు) అని వెనక్కి పంపుతుంది. ఈ తనిఖీ లేకుంటే గెస్ట్ ఒక పిచ్చి నంబరిచ్చి క్యూఎమును కూల్చగలదు. గెస్ట్ నుంచి వచ్చే ఏ సంఖ్యనైనా ముందు అనుమానించాలి. ఇక్కడ అది బాగా చేశారు.

హైపర్‌కాల్ పట్టికలో గరిష్ఠ నంబరు పెంచడం కూడా ఇదే ప్యాచ్‌లో ఉంది. దాన్ని వెనక్కి తీసి బిల్డ్ చేశాను, మెషీన్ మొదలవుతూనే అసర్ట్ (కోడ్ తనను తాను చూసుకునే తనిఖీ) మీద ఆగిపోయింది. అలా అరిచే తప్పు మంచిదే.

ఒక చిన్న అభ్యంతరం. అన్‌ఆర్మ్డ్ విలువను ప్రాపర్టీ పేరుతో వెతికి తెస్తున్నారు, అప్పటికే డివైస్ పాయింటర్ చేతిలో ఉంది, ఫీల్డ్‌ను నేరుగా చదివితే సరిపోయేది. పని ఆగేంత విషయం కాదు, రుచి తేడా. నేనైతే అడిగి చూసేవాణ్ణి, కాదంటే పట్టుపట్టేవాణ్ణి కాదు.

మిగిలింది హాట్ అన్‌ప్లగ్. గెస్ట్ ఆరోగ్యం అడుగుతుండగానే క్యూఎము మానిటర్ (కమాండ్లు ఇచ్చే చోటు) నుంచి డిమ్ తీసేసి చూడాలి. ఆ తర్వాత ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) వైపు. అక్కడ ఇదే అన్‌ఆర్మ్డ్ ఆప్షన్ హైపర్‌కాల్‌లో పోదు, హార్డ్‌వేర్ వివరాలు ఓఎస్‌కు చెప్పే ఏసీపీఐలోని ఎన్‌ఎఫ్‌ఐటీ పట్టికలో ఒక ఫ్లాగ్‌గా పోతుంది. అక్కడైతే కేవీఎం ఉంటుంది, బూట్ కోసం ఇంతసేపు కూర్చోనక్కర్లేదు.