అమ్మమ్మ ఏ సీన్‌లో ఉంది?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఒర్లాండోలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి తీసుకెళ్లినవాళ్లకి ఈ చోటు తెలిసే ఉంటుంది. ఎండ మాడ్చేస్తుంటుంది, పిల్లలు స్పేస్ మౌంటెన్ అని గోల పెడుతుంటారు, పెద్దవాళ్లకి కాళ్లు పీకుతుంటాయి. అప్పుడు పక్కనే, పెద్ద లైను లేకుండా, ఇరవై నిమిషాలు ఏసీలో కూర్చోబెట్టే గుండ్రటి బిల్డింగు ఒకటి కనిపిస్తుంది. పేరు కేరసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. చాలామంది ఓ కునుకు తీసి బయటికొచ్చేస్తారు. నాకైతే ఆ పార్కు మొత్తంలో పిల్లలతో మాట్లాడుకోవడానికి అంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదనిపిస్తుంది.

1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ డబ్బు పెడితే వాల్ట్ డిస్నీ చేయించిన ప్రదర్శన ఇది. నాటకాల్లో సెట్టింగులు మారతాయి కదా, ఇందులో సెట్టింగులు ఉన్నచోటే ఉంటాయి. వాటి చుట్టూ ఆరు థియేటర్లు, మనం కూర్చున్న కుర్చీలతో సహా, మెల్లగా తిరుగుతాయి. ఒక్కో థియేటర్‌లో 240 మంది పడతారు. స్టేజి మీద ఉండేవి మాట్లాడే మరబొమ్మలు. ఫెయిర్ ముగిశాక దీన్ని 1967లో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కి, 1975లో ఫ్లోరిడాకి తరలించారు. ఫ్లోరిడాకి వచ్చినప్పుడు పాట కూడా మారింది. పాత పాట రేపు ఎంత అందంగా ఉంటుందో చెప్పేది. జనం రేపటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇవాళ తమ సరుకు ఎవరు కొంటారన్నది కంపెనీ బెంగ అని చెబుతారు. పాత పాట కట్టిన షెర్మన్ సోదరులే మళ్లీ కూర్చుని, ఇప్పటి కాలమే మంచి కాలమనే పాట కట్టిచ్చారు. 1985లో కంపెనీ తప్పుకుంది, 1994 మార్పుల్లో పాత పాట తిరిగొచ్చింది. మా పిల్లలకి ఈ పాట సంగతి ముందే చెప్పి మరీ లోపలికి తీసుకెళ్లాను. చూడబోయేది చరిత్రే కానీ, దాన్ని చెప్పించినవాడు ఫ్రిజ్‌లు అమ్ముకునేవాడు.

కథ చిన్నది. ఒకే కుటుంబం, నాలుగు కాలాలు. మొదటి సీన్ 1900 ప్రాంతంలో: గ్యాస్ దీపాలు, ఇనుప పొయ్యి, ఐస్ దిమ్మ పెట్టుకునే పెట్టె. రెండోది 1920ల్లో: కరెంటు వచ్చేసింది, రేడియో మోగుతోంది, ఒక చుట్టమేమో బాత్‌టబ్‌లో కూర్చుని ఐస్ ముందు ఫ్యాన్ పెట్టుకున్నాడు (మా అమ్మ పడీపడీ నవ్వింది ఇక్కడే). మూడోది 1940ల్లో: టీవీ, డిష్‌వాషర్. ఆఖరిది "ఇప్పటి" క్రిస్మస్. ఇన్నేళ్లు గడిచినా ఆ తండ్రికి మాత్రం వయసు మీద పడదు.

"అమ్మా, నువ్వు ఏ సీన్‌లో పుట్టావ్?" అన్నాడు మావాడు.

తెనాలి దగ్గర మా పల్లెలో రాత్రి పోయిన కరెంటు పొద్దున్నే వచ్చేది. కిరసనాయిలు లాంతరు ముందు చదువుకున్నానంటే మొదటి సీన్ అన్నాడు. అదే రోజుల్లో టీవీ చూడ్డానికి ఎదురింటికి పరిగెత్తేవాళ్లమంటే కాదు, మూడో సీన్ అన్నాడు. మా పెద్దమ్మ ఇంట్లో ఆ టీవీ ఎప్పుడో వచ్చినా కట్టెల పొయ్యి మాత్రం అలాగే ఉండేది. 1999లో దీపం పథకం వచ్చాకే ఆవిడకి గ్యాస్ బండ అందింది. ల్యాండ్‌లైన్ మా అమ్మ ఇంట్లో ఏనాడూ లేదు. ఎస్టీడీ బూత్ నుంచి నేరుగా సెల్‌ఫోన్‌కి దూకింది. ఇవన్నీ చెప్పేసరికి వాడు లెక్క వదిలేశాడు.

వదిలేయాలనే నా కోరిక. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలియకుండానే ఒక వరస పట్టుబడిపోతుంది: ఇండియా వెనక సీన్లో ఉంది, అమెరికా ఆఖరి సీన్లో ఉంది, మనవాళ్లు మెల్లగా నడిచొస్తున్నారు అని. ఎవరూ నేర్పరు, మన మాటల్లోంచే ఏరుకుంటారు. "మా రోజుల్లో అక్కడ ఏమీ ఉండేవి కావు" అని మనమేగా ఊదరగొట్టేది.

ఆ ఆఖరి సీన్ చూస్తే ఇంకా తమాషా. దాన్నే మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. మేం చూసింది చాలావరకు 1994 నాటిదే. వీఆర్ అద్దాలు పెట్టుకున్న ముసలావిడ ఆటలో స్కోరు కొడితే, మాటకి పలికే ఓవెన్ ఆ అంకెను టెంపరేచర్ అనుకుని పండక్కి వండుతున్న టర్కీ కోడిని బొగ్గు చేసేస్తుంది. 1994లో జోస్యం, ఇప్పుడు మా వంటింట్లో స్పీకర్ రోజూ చేసే పనే. మనం మోసుకొచ్చిన ఇండియా కూడా అచ్చం ఆ సీనే, విమానం ఎక్కిన రోజున ఆగిపోయింది. పోయినసారి విజయవాడలో మిర్చి బజ్జీల బండి దగ్గర క్యూఆర్ కోడ్ చూసి నోరు తెరిచింది నేనే, పిల్లలు కాదు. వాళ్ల సంగీతం టీచరుకి ఇక్కడ నేను ఇంకా చెక్కు రాసిస్తాను.

అసలు గొడవ బట్టల దగ్గర వచ్చింది. మొదటి సీన్‌లో కొత్త మెషిన్ చూపించి, రెండు రోజుల ఉతుకుడు ఐదు గంటల్లో తేలిపోతోందని తండ్రి మురిసిపోతాడు. నేను తెలుగులో చెబితే అమ్మ, "అయితే ఏం, ఐదు గంటలూ చేసేది ఆవిడేగా, ఈయన కుర్చీ దిగలేదు" అంది. మూడో సీన్‌లో ఆ ఇల్లాలు బేస్‌మెంట్‌లో గోడలకి కాగితం అంటిస్తూ, ఇదే పనికి మగవాణ్ణి పెడితే డబ్బివ్వవా అని మొగుణ్ణి నిలదీస్తే అమ్మ చప్పట్లు కొట్టింది.

"మరి నువ్వు ఎన్ని గంటలు ఉతికేదానివి అమ్మమ్మా?" అంది మా అమ్మాయి, బయటికొచ్చాక.

"నేనెక్కడ ఉతికానే, చాకలామె మూట కట్టుకుని కాలవకి తీసుకెళ్లేది."

"జీతం ఎంత?"

"జీతమేంటి, కోతలయ్యాక కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్లు. రాత్రిపూట అన్నం పెట్టేవాళ్లం."

నాకు మాట మార్చేద్దామనిపించింది. ఇక్కడ కులం ఊసెత్తకుండా పిల్లల్ని పెంచేస్తున్నామని మనలో చాలామందికి ఓ ధీమా. ఈ స్టేజి మీద అలాంటి మనిషి ఒక్కరూ కనిపించరు, అన్నీ మెషిన్లే చేసిపెడతాయి. మా ఇంట్లో ఆ మెషిన్ ఒక మనిషి. కానీ అమ్మ దాచలేదు. నేనూ ఆపలేదు. పార్కింగ్ దాకా అవే ప్రశ్నలు: ఆవిడ పేరేంటి, వాళ్ల పిల్లలు మీతో బడికొచ్చేవాళ్లా, వాళ్ల బట్టలు ఎవరు ఉతికేవాళ్లు, వాళ్లింట్లో టీవీ ఉండేదా.

"టీవీనా? మన వీధిలో స్తంభాలు వేసిన చాన్నాళ్లకి గానీ వాళ్ల పేటకి కరెంటే ఇవ్వలేదు" అంది అమ్మ, సీటు బెల్టు కోసం తడుముకుంటూ.

"ఒకే ఊరే కదా?" అన్నాడు మావాడు.