స్టెనో మెషిన్ కోర్సుకి గవర్నమెంట్ డబ్బు దొరికిన తీరు: నా అనుభవం

కాలిఫోర్నియాలో కోర్టు రిపోర్టర్ల కొరత చాలా ఉంది. ఫ్యామిలీ కోర్టుల్లో, సివిల్ కేసుల్లో చాలాచోట్ల జరిగిన వాదన రాసిపెట్టే మనిషే ఉండరు. రికార్డు లేకపోతే తర్వాత అప్పీలు నిలబడటం కష్టం. నాకా, తెనాలిలో నేర్చుకున్న పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ ఉంది. గ్రీన్ కార్డు వచ్చింది. అదే సమయంలో మా ఆయన ఉద్యోగం లేఆఫ్‌లో పోయింది. కోర్టు రిపోర్టర్లు ఇక్కడ చేత్తో కాదు, మాట వేగానికి రాసే స్టెనో మెషిన్ మీద రాస్తారు. అది నేర్పే ప్రైవేట్ స్కూళ్ల ఫీజులు మా వల్ల కాలేదు కాబట్టి, తక్కువ ఫీజుండే ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో చేరదామనుకున్నాను.

అందరూ చెప్పినట్టే ముందు ఫాఫ్సా, అంటే చదువుకి ఫెడరల్ సాయం అడిగే ఫారం, నింపాను. అందులో రెండు చిక్కులు వచ్చాయి. అది చూసేది రెండేళ్ల కిందటి ఆదాయం. అప్పుడు మా ఆయన జీతం నిండుగా ఉంది, కాగితం మీద మేం కలిగినవాళ్లమే. దీనికి ఉపాయం ఉంది. లేఆఫ్ లెటరూ, నిరుద్యోగ భృతి కాగితాలూ పెట్టి, ఇప్పటి పరిస్థితి చూసి మళ్లీ లెక్కకట్టమని కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని అడగొచ్చు. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. అడగనిదే వాళ్లంతట వాళ్లు చెయ్యరు.

రెండో చిక్కుకి మాత్రం ఉపాయం లేదు. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ (2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు) డిగ్రీ చేసినవాళ్లకి రాదు. ఆ డిగ్రీ ఇండియాదైనా సరే. ఇరవై ఏళ్లుగా ఒక్క రూపాయి సంపాదించి పెట్టని నా బీకాం, ఇక్కడికొచ్చి ఏడువేల డాలర్లకి అడ్డుపడింది!

గట్టెక్కించింది రాష్ట్రం ఇచ్చే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్. కమ్యూనిటీ కాలేజీలో కోర్సుల్ని యూనిట్లలో కొలుస్తారు, యూనిట్‌కి 46 డాలర్లు ఫీజు. ఈ గ్రాంట్ వస్తే అది మాఫీ. ముందే డిగ్రీ ఉందా అని ఇందులో చూడరు. అయితే పుస్తకాలకీ, మెషిన్‌కీ ఇది పనికిరాదు. కొత్త మెషిన్ అంటే వేల డాలర్లు.

ఆ డబ్బు కోసం జాబ్ సెంటర్‌కి వెళ్లాను. 2014లో వచ్చిన వియోవా చట్టం కింద ట్రైనింగ్‌కి ఫెడరల్ డబ్బు ఇచ్చేది అక్కడే. మనం చేరే కోర్సు వాళ్ల ఆమోదిత జాబితాలో ఉండాలి, ఆ పనికి మార్కెట్‌లో గిరాకీ ఉండాలి. నన్ను ఏ గడిలో వెయ్యాలో కౌన్సిలర్‌కి కాసేపు తోచలేదు. నేను ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని కాదు, అసలు ఉద్యోగమే చెయ్యలేదు. చివరికి ఇంట్లోవాళ్ల సంపాదన మీద ఆధారపడి, అది ఆగిపోయినవాళ్ల కోసం పెట్టిన డిస్‌ప్లేస్డ్ హోమ్‌మేకర్ అనే గడి దొరికింది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న: "కోర్సు ఏ తేదీకి పూర్తవుతుంది?"

అక్కడే వచ్చింది అసలు తంటా. ఈ చదువు తేదీకి అయ్యేది కాదు. మెషిన్‌కి ఉండేవి ఇరవైరెండు మీటలు. ఎడమచేతి వైపు మొదటి హల్లులు, బొటనవేళ్ల కింద అచ్చులు, కుడివైపు చివరి హల్లులు. ఎడమవైపు ఎన్‌కి మీటే లేదు. టీ, పీ, హెచ్ ఒక్కసారే నొక్కితే అది ఎన్. హార్మోనియం మీద స్వరాలు కలిపి పట్టినట్టు ఒక పలుకుకో, మాటకో ఒక్క నొక్కు పడాలి. ఈ థియరీ ఎవరికైనా వస్తుంది. వేగం దగ్గరే అందరూ ఆగిపోతారు. నిమిషానికి 140 మాటల దగ్గర నా వేళ్లు మొండికేశాయి. నెలలు గడిచినా కదల్లేదు. టీచర్ తప్పూ లేదు, నా తప్పూ లేదు, అందరికీ అలాగే జరుగుతుంది.

కానీ ఎయిడ్ నిబంధనలు సెమిస్టర్ల లెక్కలో నడుస్తాయి. వరసగా రెండు టర్ములు, తీసుకున్న యూనిట్లలో సగానికి మించి పాస్ కాకపోతే ప్రామిస్ గ్రాంట్ పోతుంది. నేనేం చేశానంటే, స్పీడ్ క్లాసొక్కటే తీసుకోలేదు. లీగల్ టెర్మినాలజీ, ఇంగ్లీష్ గ్రామర్ లాంటివి అన్నీ ఒకే టర్ములో అవగొట్టకుండా దాచిపెట్టుకుని, ఒక్కో టర్ములో స్పీడ్ క్లాసుతో కలిపి ఒక్కోటి తీసుకున్నాను. స్పీడ్‌లో తప్పినా సగం లెక్క దాటేది. జాబ్ సెంటర్‌కి మాత్రం ప్రతి వారం టెస్టు షీట్లు స్కాన్ చేసి పంపేదాన్ని. పాసైనవే కాదు, 92 శాతం దగ్గర తప్పినవి కూడా. అవి చూసే గడువు పొడిగించారు.

ఈ డబ్బు పద్ధతి రాసినవాళ్లలో స్టెనో నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరని నా అనుమానం. టీవీలో మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపించే క్యాప్షన్లు కూడా ఈ మెషిన్ మీద రాస్తారు. కొత్త టీవీ కార్యక్రమాలకి వాటిని తప్పనిసరి చేసే దారి వేసింది 1996 నాటి టెలికాం చట్టం. 2008 ఉన్నత విద్యా చట్టంలో రియల్‌టైమ్ రైటర్ల (మాట్లాడుతుండగానే రాసేవాళ్ల) శిక్షణకని కాలేజీలకి గ్రాంట్లు కూడా పెట్టారు. అవసరం వాళ్లకి తెలియక కాదు. నేర్చుకోవడానికి పట్టే కాలాన్నే ఏ ఫారంలోనూ పట్టించలేకపోయారు.

180 దాటాక చెవిటి విద్యార్థులకి క్లాసులో క్యాప్షన్లు ఇచ్చే పని మొదలుపెట్టాను. దీనికి కోర్టు రిపోర్టర్ లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ కావాలంటే నలుగురు మాట్లాడుతుంటే 200 వేగంతో పది నిమిషాలు, 97.5 శాతం తప్పుల్లేకుండా రాయాలి. జాబ్ సెంటర్‌లో నా ఫైలు మూసేశారు గానీ, ఫండింగ్ ఇచ్చినందుకు ఉద్యోగంలో ఉన్నానో లేదో వాళ్లు తర్వాత కూడా లెక్క చూపించాలట. మొన్న కౌన్సిలర్ ఫోన్ చేసి పే స్టబ్ (జీతం చీటీ) పంపమంది. పంపాను. "మరి లైసెన్స్ ఎప్పటికి?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే తనే నవ్వేసింది.