థియోడోటస్ కట్టించిన సత్రం

తెలుగువాళ్ళు జెరూసలేం వెళ్ళే టూర్లు దాదాపు అన్నీ ఒకే దారిన నడుస్తాయి. బేత్లెహేము, ఒలీవల కొండ, గెత్సేమనే తోట, సిలువ మార్గం, యొర్దాను నది, మృత సముద్రం. మేమూ అలాంటి గుంపుతోనే హైదరాబాద్‌లో విమానం ఎక్కాం. అవన్నీ చూశాక గుంపు తిరిగి వచ్చేసింది. నేనూ మా వదినా మాత్రం ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాం. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకొక కోరిక ఉండేది. యేసు ఏ మతంలో పుట్టి పెరిగాడో, ఏ ప్రార్థనలు నేర్చుకున్నాడో ఆ మతాన్ని దాని సొంత ఆనవాళ్ళ దగ్గరే చూడాలని. వదిన చరిత్ర చదవలేదు గానీ కీర్తనల గ్రంథం ఆవిడకు నోటికి వచ్చు. నేను మోసుకెళ్ళిన పుస్తకాలకంటే ఆవిడ కంఠస్థమే ఎక్కువసార్లు పనికొచ్చింది.

ముందుగా పాత నగరంలో, ఒకప్పటి యూదుల దేవాలయ ప్రాంగణపు దక్షిణపు గోడ దగ్గరికి వెళ్ళాం. యూదులు ప్రార్థన చేసే పడమటి గోడ దగ్గర పగలూ రాత్రీ జనం ఉంటారు. ఇటువైపు టికెట్ కొని రావాలి, జనం పలచగా ఉంటారు. హేరోదు రాజు క్రీ.పూ. 20 ప్రాంతంలో దేవాలయాన్ని కొత్తగా కట్టి, దాని ప్రాంగణాన్ని బాగా పెంచినప్పటి మెట్లు ఇక్కడున్నాయి. కొన్ని అసలు రాళ్ళు, కొన్ని మన కాలంలో మరమ్మతు చేసి పెట్టినవి. ఒక మెట్టు వెడల్పు, తర్వాతిది ఇరుకు, మళ్ళీ వెడల్పు. గబగబా ఎక్కబోతే అడుగు తడబడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న వదినకు అవి బాగా కుదిరాయి. వెడల్పు మెట్టు వచ్చినప్పుడల్లా నిలబడి ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలింది. పైన గోడలో ద్వారాలుండిన చోట ఇప్పుడు రాళ్ళతో మూసేసిన కమానులు కనిపిస్తాయి.

ధర్మశాస్త్రం ప్రకారం యూదుల్లో మగవాళ్ళు ఏడాదికి మూడు పండుగలకు ఇక్కడికి రావాలి: పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ. వారాల పండుగే మన చర్చిల్లో పెంతెకొస్తు. ఆ పండుగకు ఎక్కడెక్కడివాళ్ళు వచ్చారో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో జాబితా ఉంది. "పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు..." అని వదిన మొదలుపెట్టి చివరిదాకా తప్పు లేకుండా చెప్పింది. మెట్ల పక్కనే బండలో తొలిచిన స్నానపు గుంటలున్నాయి. దిగడానికి ఒక పక్క, ఎక్కిరావడానికి మరో పక్క, మధ్యలో చిన్న గట్టు. మైలతో దిగేవాళ్ళు, శుద్ధి అయి వచ్చేవాళ్ళు ఒకరికొకరు తగలకుండా ఆ ఏర్పాటు. నీళ్ళు లేవు కానీ మెట్లు అరిగిన తీరు తెలుస్తూనే ఉంది.

"కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" అని వదిన అక్కడే కూర్చుని 121వ కీర్తన చెప్పింది. మా ఇంట్లో ఎవరైనా ఊరెళ్ళేముందు చదివేది అదే. 120 నుంచి 134 దాకా పదిహేను కీర్తనలకు మన తెలుగు బైబిల్లో యాత్రకీర్తన అని శీర్షిక ఉంటుంది. దేవాలయంలో పదిహేను మెట్ల మీద నిలబడి లేవీయులు పాడేవారని యూదుల ధర్మ నియమాల సంకలనం మిష్నా చెబుతుంది. ఇన్నేళ్ళుగా ప్రయాణానికి ముందు చదువుతున్నది నిజంగానే యాత్రికుల పాట అని, వాళ్ళు ఎక్కిన చోట కూర్చుని వింటేగానీ నాకు మనసుకు పట్టలేదు.

అంత దూరం నుంచి వచ్చిన వాళ్ళు చూడటానికి లోపల విగ్రహం లేదు. క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే జెరూసలేంను పట్టుకుని, ప్రధాన యాజకుడు కూడా ఏడాదికి ఒక్క రోజే వెళ్ళే అతి పరిశుద్ధ స్థలంలోకి నడిచి వెళ్ళాడు. దేవుడి రూపమేదీ అక్కడ లేదని, లోపలంతా ఖాళీ అని చరిత్రకారుడు టాసిటస్ తర్వాత రాశాడు. చుట్టూ ఉన్న ప్రతి రాజ్యానికీ గుడి, గుడిలో దేవుడి బొమ్మ ఉన్న రోజుల్లో ఈ కొండ మీది చిన్న జనం బొమ్మ చేయకూడదని పట్టుబట్టి కూర్చున్నారు. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం కట్టకూడదు, ఆయన మా పితరులతో నిబంధన చేశాడు, బదులుగా మేము ఇలా బతకాలి. విధవకు, అనాథకు, పరదేశికి అన్యాయం చేయకూడదు. ఏడో రోజు పనివాడికీ పశువుకూ కూడా విశ్రాంతి ఇవ్వాలి. క్లుప్తంగా వాళ్ళ మతం ఇది.

నైరుతి మూల దగ్గర, గోడ కింద, మొదటి శతాబ్దపు వీధి బయటపడింది. పెద్ద పెద్ద రాతి దిమ్మెలు పడినవి పడినట్టే గుట్టగా ఉన్నాయి. క్రీ.శ. 70లో దేవాలయాన్ని నాశనం చేసిన రోమన్ సేనాని టైటస్ సైన్యం పైనుంచి తోసినవి అవి. వాటి బరువుకు కింద పరచిన బండలు పగిలి లోపలికి దిగబడ్డాయి. 1968లో బెంజమిన్ మజార్ తవ్వకాల్లో ఇక్కడే ఒక రాయి దొరికింది. దాని మీద హీబ్రూలో "బూర ఊదే చోటికి" అని అర్థం వచ్చే మాటలున్నాయి. విశ్రాంతిదినం మొదలవుతోందని గోడ మూల మీద నిలబడి యాజకుడు బూర ఊదేవాడని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసినదానికి ఈ రాయి సాక్ష్యం.

పడమటి గోడ దగ్గర మేమూ నిలబడ్డాం, చేయి ఆనించాం. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పాలి. పైన ముస్లింలకు పవిత్రమైన అల్ అఖ్సా, డోమ్ ఆఫ్ ది రాక్ ఉన్నాయి. గోడ ముందున్న విశాలమైన మైదానంలో 1967 దాకా మగ్రిబీల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లింల) పేట ఉండేది, ఆ ఇళ్ళు కూల్చి ఈ ఖాళీ చేశారు. తనిఖీ గేటు దాటుకుని వచ్చి ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఇది కూడా తెలిసి ఉండటం న్యాయం అనిపించింది.

ఇక ఇజ్రాయెల్ మ్యూజియం. నా యాత్రలో అసలు భాగం ఇదే. జెరూసలేంలోని కేతెఫ్ హిన్నోం సమాధుల్లో 1979లో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి దొరికిన రెండు వెండి చుట్టలు ఇక్కడున్నాయి. చిన్నది విప్పితే నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. తాయెత్తులా మెడలో వేసుకునేవారట. మీద సూదితో గీసినంత సన్నటి అక్షరాలు. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివరో ఆరో శతాబ్దం మొదలో, అంటే నెబుకద్నెజరు క్రీ.పూ. 586లో మొదటి దేవాలయాన్ని తగలబెట్టిన రోజులకు కాస్త అటూ ఇటూ. బైబిల్ వాక్యాలు రాసి ఉన్న వస్తువుల్లో ఇంతకంటే పాతది ఇప్పటికి దొరకలేదు. "ఏం రాసుంది?" అని వదిన అడిగింది. సంఖ్యాకాండం ఆరో అధ్యాయం అన్నాను. ఆవిడకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అంటూ అద్దం మీద వంగి గొణుక్కుంది. మా చర్చిలో ఆరాధన ముగించేటప్పుడు పాస్టరు గారు చేతులెత్తి చెప్పే దీవెన అది. ఆ తాయెత్తు వేసుకున్న మనిషికీ మా వదినకూ మధ్య ఇరవై ఆరు వందల ఏళ్ళు.

ఆ తర్వాత రెండు గ్రీకు రాళ్ళు. రెండూ దేవాలయం నిలిచి ఉన్నప్పటివే.

మొదటిది హెచ్చరిక రాయి ముక్క. అన్యజనులు ఈ అడ్డుగోడ దాటి దేవాలయం వైపు రాకూడదు, వస్తే తమ చావుకు తామే బాధ్యులు అని. ముక్కలుకాని పూర్తి రాయి 1871లో దొరికింది, అది ఇస్తాంబుల్‌లో ఉంది. ఇక్కడున్న ముక్కలో అక్షరాల గాట్లలో ఎర్ర రంగు ఇంకా మిగిలి ఉంది. దూరం నుంచే కనబడాలని పూసి ఉంటారు.

రెండోది థియోడోటస్ రాయి. 1913-14లో రేమండ్ వీల్ తవ్వకాల్లో, దేవాలయానికి దక్షిణంగా ఉన్న పాత దిబ్బ మీద, ఒక నీటి తొట్టిలో పడేసి ఉన్న రాళ్ళ మధ్య దొరికింది. పది పంక్తులు. యాజకుడు, సమాజ మందిరపు అధికారి అయిన థియోడోటస్, తండ్రీ తాతా కూడా అదే పదవి చేసినవాళ్ళు, ఈ సమాజ మందిరాన్ని ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు నేర్పడానికి కట్టించాడు. పరదేశం నుంచి వచ్చి బస అవసరమైనవాళ్ళ కోసం అతిథి గృహాన్ని, గదులను, నీటి వసతులను కూడా కట్టించాడు. ఇదీ సారాంశం.

"అంటే సత్రమేగా" అంది వదిన. సత్రమే. మన దగ్గర పెద్ద గుడి ఉన్న ఊళ్ళో పుణ్యాత్ములెవరో యాత్రికుల కోసం కట్టించి, గుమ్మం పైన పేరు చెక్కించిన సత్రం లాంటిదే. అలెగ్జాండ్రియా నుంచో రోము నుంచో పండుగకు వచ్చిన యూదుడు ఇక్కడ మూట దించుకుని, కాళ్ళు కడుక్కుని, మెట్లెక్కి వెళ్ళేవాడు. రాయి గ్రీకులో ఉండటం కూడా వాళ్ళ కోసమే, ఆ దేశాల్లో పెరిగినవాళ్ళకు గ్రీకే వచ్చు.

నన్ను ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబెట్టింది మాత్రం సత్రం కాదు, దానికి ముందున్న మాట: చదవడానికి, నేర్పడానికి. దేవాలయానికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఉదయం సాయంత్రం బలులు జరుగుతుండగానే, బలి ఊసే లేని మరో ఇల్లు మూడు తరాలుగా నడుస్తోంది. అక్కడ చేసే పని చదవడం, వినడం, చర్చించడం. దేవాలయం కూలిపోయాక దిక్కుతోచక యూదులు పుస్తకాన్ని పట్టుకున్నారని నేను కూడా క్లాసులో చెప్పేవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. ఈ రాయి వేరే మాట చెబుతోంది. ఆ మతాన్ని బతికించిన ఇల్లు, దేవాలయం నిండుగా ఉన్న రోజుల్లోనే కట్టి సిద్ధంగా ఉంది. "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?" అని బబులోను చెరలో పుట్టిన ప్రశ్నకు తరాల తరబడి వెతుక్కున్న జవాబు అది. థియోడోటస్ మందిరం పునాదులు మాత్రం ఫలానావని ఎవరూ తేల్చలేదు. రాయే మిగిలింది.

క్రీ.శ. 70 తర్వాత ఏం జరిగిందో చూడండి. దేవాలయం మీద ఆధారపడిన యాజక వర్గం సద్దూకయ్యులు చరిత్రలోంచి మాయమయ్యారు. నిలిచింది ధర్మశాస్త్రం బోధించే పరిసయ్యుల దారి. ముట్టడిలో ఉన్న నగరం నుంచి యోహానాన్ బెన్ జక్కాయి అనే పండితుణ్ణి శిష్యులు శవపేటికలో దాచి బయటికి మోసుకొచ్చారని, ఆయన రోమన్ సేనానిని యవ్నే ఊరూ అక్కడి పండితులనూ తనకు వదలమని అడిగాడని యూదుల సంప్రదాయ కథ. బలులు ఆగిపోయాయని శిష్యుడు ఏడిస్తే హోషేయ మాట గుర్తుచేశాడట: "నేను బలిని కోరను గాని కనికరమునే కోరుచున్నాను." బలుల వేళలే ప్రార్థన వేళలయ్యాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదా హనాసి అనే పండితుడు మిష్నాను కూర్చినప్పుడు, లేని దేవాలయం కొలతలు కూడా అందులో భద్రంగా ఎక్కాయి. మన ప్రసంగాల్లో శాస్త్రులు, పరిసయ్యులు అంటే వేషధారులు అని తప్ప వినం. ఆ మాట మీద నాకు ఇప్పుడు గట్టి అభ్యంతరం ఉంది. గ్రంథాన్ని వీధి వీధికీ తెచ్చి, చెప్పులు కుట్టేవాడి కొడుక్కి కూడా చదువు నేర్పాలన్నది వాళ్ళే. నజరేతులో యేసు లేచి నిలబడి యెషయా చదివింది సమాజ మందిరంలోనే. ఆదివారం చర్చిలో వాక్యం చదివి దాని మీద ప్రసంగం చెప్పే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

శుక్రవారం మధ్యాహ్నం మహనే యెహూదా బజారుకు వెళ్ళాం. జడలా అల్లిన హల్లా రొట్టెలు, దానిమ్మలు, ఖర్జూరాలు, తోసుకుంటున్న జనం, రేట్లు అరిచే కుర్రాళ్ళు. సూర్యాస్తమయానికి ముందే ఊరంతా వినబడేలా సైరన్ మోగింది. అప్పటికే షట్టర్లు దిగాయి, ట్రామ్ ఆగింది. బూర ఊదే చోటు రాయి చూసి వచ్చాం కాబట్టి ఆ సైరన్ దేనికి కొనసాగింపో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున్న ఒక సమాజ మందిరానికి వెళ్ళి, ఆడవాళ్ళు కూర్చునే పై వరుసలో కూర్చున్నాం. కింద తోరా (మోషే అయిదు కాండాలు) చుట్టను బల్ల మీద పరిచి, వెండి పుల్లతో వరుస చూపిస్తూ రాగయుక్తంగా చదువుతున్నారు. పుల్ల చివర చిన్న చేయి, చూపుడు వేలు చాచి ఉంది. చర్మపత్రాన్ని వేళ్ళతో తాకరు. ఒకరు పక్కనే నిలబడి ప్రతి అక్షరం గమనిస్తున్నారు. చదివేవాడు ఒక చోట తప్పు పలికితే వెంటనే దిద్దారు, అతను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. వారానికి ఒక భాగం చొప్పున ఏడాదిలో అయిదు కాండాలూ పూర్తి చేసి, ఆ రోజే మళ్ళీ ఆదికాండం మొదలుపెడతారు. వదిన పక్కనున్న పెద్దావిడ తన పుస్తకం తెరిచి, సరైన పేజీ చూపించి ఆవిడ ఒళ్ళో పెట్టింది. హీబ్రూ రాకపోయినా వదిన ఆ పుస్తకాన్ని చివరిదాకా రెండు చేతులతో పట్టుకునే ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రయిం అనే చిన్న తెలుగు సమాజం ఉంది. తమను యూదులుగా చెప్పుకుంటారు, విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు చేస్తారు. మా ఊరికి అంత దగ్గరలో ఉన్నా మేమెప్పుడూ వెళ్ళలేదు. ఈసారి పస్కా రోజుల్లో వాళ్ళను అడిగి వెళ్దామని వదిన అంటోంది.

టూర్లో వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. మీ ఏజెంటు ఇచ్చే పట్టికలో దక్షిణపు మెట్లు, ఇజ్రాయెల్ మ్యూజియం ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి. లేకపోతే చేర్చమని అడగండి. మ్యూజియంకు కనీసం సగం పూట కావాలి. అందరూ మృత సముద్రపు చుట్టల భవనం చూసి బయటికి వచ్చేస్తారు. పురావస్తు విభాగం దాకా నడవండి, వెండి చుట్టలూ ఈ రెండు రాళ్ళూ ఉన్నవి అక్కడ. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా బస్సులు దొరకవు కాబట్టి బస పాత నగరానికి నడిచి వెళ్ళేంత దూరంలో చూసుకుంటే మంచిది.