నీటి మీద ఆపే అధికారం

అమెరికాలో కారు నడుపుకుంటూ వెళ్తున్న మనిషిలో ఏ తప్పూ కనిపించనప్పుడు, లైసెన్సూ రిజిస్ట్రేషనూ సరిగ్గా ఉన్నాయో లేవో చూద్దామన్న ఉద్దేశంతో మాత్రమే పోలీసు తన ఇష్టం వచ్చినట్టు అతన్ని ఆపకూడదని సుప్రీంకోర్టు 1979లో డెలావేర్ వర్సెస్ ప్రౌజ్ కేసులో తేల్చి చెప్పింది. అనుమానించడానికి మాటల్లో పెట్టి చెప్పగలిగే కారణం ఏదో ఒకటి ఉండి తీరాలి. అదే మనిషి ఆ కారు వెనక ట్రెయిలర్ మీద తెచ్చుకున్న బోటును ర్యాంపు మీదుగా నీళ్లలోకి దించి, భార్యాపిల్లల్ని ఎక్కించుకుని నూరు గజాలు వెళ్లాడంటే, చాలా చోట్ల ఆ రక్షణ అతనికి ఉండదు. అధికారి పడవ పక్కకు వచ్చి ఆగమంటే ఆగాలి, చూపించమన్నవి చూపించాలి, ఎందుకు ఆపారని అడిగితే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ అన్న సమాధానంతో సరిపెట్టుకోవాలి. వేసవి వచ్చిందంటే వారాంతాలు నీళ్ల మీదే గడిపే నాకు ఈ తేడా చాలాకాలంగా మనసులో మెదులుతూనే ఉంది. ఆపే అధికారం ఉండకూడదని నేను అనను. కారణం చెప్పనక్కర్లేకుండా ఆపే అధికారం, సెలవు రోజున సరస్సు మీదికి వచ్చిన కుటుంబాల విషయంలో న్యాయం కాదని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఈ అధికారం వయసు దాదాపు అమెరికా రాజ్యాంగం వయసే. 1790 ఆగస్టు 4న అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, తీరం వెంబడి దిగుమతి సుంకాలు వసూలు చేసే అధికారులకు పది పడవలు సమకూర్చింది. ఇప్పటి కోస్ట్ గార్డ్ తన పుట్టినరోజుగా జరుపుకునేది ఆ తేదీనే. అలెగ్జాండర్ హామిల్టన్ ఖజానా మంత్రిగా ఉన్న ఆ రోజుల్లో ప్రభుత్వానికి వచ్చే రాబడిలో సింహభాగం దిగుమతి సుంకాలదే కాబట్టి, దొంగసరుకు దిగితే ప్రభుత్వమే నడవదన్న భయం ఉండేది. అందుకని తీరం నుంచి నాలుగు లీగులలోపు, అంటే సుమారు 12 మైళ్లలోపు, ఏ ఓడనైనా వారంటు లేకుండా ఎక్కి సరుకుల పట్టీ అడగడానికీ, ఓడను తనిఖీ చేయడానికీ అధికారులకు వీలు కల్పించారు. అంతకు ముందు ఏడాదే, అకారణ సోదాల నుంచి పౌరులను కాపాడే నాలుగో సవరణను రాష్ట్రాల ఆమోదానికి పంపింది కూడా ఆ కాంగ్రెసే. ఓడల తనిఖీని ఆ సవరణకు విరుద్ధమని వారు భావించలేదు కదా అన్నది, ఈ అధికారాన్ని సమర్థించేవారు ఇప్పటికీ చేసే వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు. కాకపోతే 1790లో చట్టం దృష్టిలో ఉన్నది విదేశాల నుంచి సరుకు మోసుకొచ్చే ఓడలు. ఐస్ పెట్టెతో, రెండు గాలాలతో, ఈతబట్టలు వేసుకున్న పిల్లలతో బయల్దేరే పాంటూన్ బోటును (గొట్టాల మీద తేలే చదునైన విహార పడవను) ఆ లెక్కలో కట్టడానికి కావలసిన కారణాలు నాకు ఆ చరిత్రలో దొరకలేదు.

సుప్రీంకోర్టు ఈ విషయాన్ని సూటిగా తేల్చినది 1983లో, యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ విల్లామోంటే-మార్క్వెజ్ కేసులో. ఆ కేసు వివరాలు చదివి తీరవలసినవి. లూయిజియానాలోని కాల్కషూ నది ఓడల కాలువలో హెన్రీ మోర్గన్ 2 అనే 40 అడుగుల తెరచాప పడవ లంగరు వేసుకుని ఉంది. పక్కనుంచి ఒక పెద్ద సరుకు ఓడ వెళ్లడంతో లేచిన అలలకు ఆ పడవ విపరీతంగా ఊగింది. గస్తీ తిరుగుతున్న కస్టమ్స్ అధికారులు, వారి వెంట ఉన్న రాష్ట్ర పోలీసు, పడవ క్షేమమేనా అని డెక్ మీది మనిషిని కేకవేసి అడిగితే, అతను ఏమో అన్నట్టు భుజాలు ఎగరేశాడు. కాగితాలు చూస్తామని వారు పడవ ఎక్కారు. ఎక్కాక గంజాయి వాసన వచ్చింది, తెరిచి ఉన్న తలుపులోంచి గోనెపట్టా చుట్టిన మూటలు కనిపించాయి, చివరికి బయటపడిన గంజాయి 5,800 పౌండ్లు. ఎక్కడానికి ముందు మాత్రం ఆ పడవనే అనుమానించడానికి తగిన ఆధారం వారికి లేదు. అయినా ఆ తనిఖీ రాజ్యాంగబద్ధమేనని ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. తీర్పు రాసినది జస్టిస్ రెన్‌క్విస్ట్. నాలుగేళ్ల ముందు ప్రౌజ్ కేసులో, కార్లను కూడా కారణం లేకుండా ఆపవచ్చని మిగతా ఎనిమిది మందితో విభేదించిన ఏకైక న్యాయమూర్తి ఆయనే.

రోడ్డుకూ నీటికీ కోర్టు చూపిన తేడాలు ఇవి. నీటి మీద దారులు ఉండవు, పడవ ఏ దిక్కుకైనా పోగలదు, కాబట్టి రోడ్డు మీద మాదిరిగా ఒకచోట అడ్డగట్టి అందరినీ వరసగా చూడడం కుదరదు. ఓడల పత్రాల వ్యవస్థ కారు నంబరు ప్లేటంత సులువైనది కాదు, పైపైన చూసి ఏదీ తెలుసుకోలేం. పైగా కాగితాలు చూడడం వల్ల కలిగే ఇబ్బంది స్వల్పం. బహిరంగ సముద్రంలోకి నేరుగా దారి ఉన్న ఓడల కాలువ విషయంలో ఈ మాటలు చెల్లుతాయనే అనుకుందాం, తీర్పులో కోర్టు మాట్లాడినది అటువంటి జలాల గురించే. చుట్టూ ఒడ్డు ఉండి, బోట్లు దించడానికి రెండో మూడో ర్యాంపులు మాత్రమే ఉన్న సరస్సుకు ఇందులో ఒక్క ముక్కైనా వర్తిస్తుందా? అక్కడ ప్రతి బోటూ ఆ ర్యాంపు మీదుగానే నీళ్లలోకి దిగాలి, ఆ ర్యాంపు మీదుగానే పైకి రావాలి. ప్రతి మోటారు బోటు ముక్కుకు రెండు వైపులా కనీసం మూడు అంగుళాల ఎత్తున, దూరానికి కూడా కనిపించే రంగులో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలనీ, చెల్లుబాటు స్టిక్కరు ఆ నంబరుకు ఆరు అంగుళాల లోపే అంటించాలనీ ఫెడరల్ నిబంధనలే చెబుతున్నాయి. అధికారి తన పడవలోంచి దిగకుండానే బైనాక్యులర్స్‌తో ఇవన్నీ చదువుకోవచ్చు. అదే కేసులో జస్టిస్ బ్రెన్నన్ తీవ్రంగా విభేదిస్తూ, అధికారి ఇష్టాయిష్టాలకు ఏ హద్దూ పెట్టకుండా మనుషులను ఆపి నిలబెట్టడాన్నీ వారి సొంత పడవలోకి ప్రవేశించడాన్నీ ఈ కోర్టు సమర్థించడం ఇదే మొదటిసారని రాశారు. నాలుగు దశాబ్దాలు గడిచాక చదివినా ఆ అభ్యంతరానికి జవాబు కనబడదు.

ఎవరికి ఎంత అధికారం అన్నది మీరు ఏ నీటి మీద ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. సముద్రతీరంలోనూ, ఫెడరల్ పరిధిలోకి వచ్చే నదులూ పెద్ద సరస్సులలోనూ కోస్ట్ గార్డ్ అధికారులకు ఫెడరల్ చట్టాల సంపుటిలోని 14వ టైటిల్, 522వ సెక్షన్ కింద పడవలు ఆపడానికీ, ఎక్కడానికీ, తనిఖీ చేయడానికీ విశాలమైన అధికారం ఉంది. లోపలి జలాల మీద పెత్తనం రాష్ట్రాలది: వేట, చేపల చట్టాలు అమలు చేసే గేమ్ వార్డెన్లు, కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ మనుషులు, నీటి మీద గస్తీ తిరిగే మెరైన్ పెట్రోల్ వారు. టెక్సస్‌లో ఏ అనుమానమూ లేకుండా భద్రతా తనిఖీకి బోటును ఆపవచ్చన్న చట్టాన్ని అక్కడి అత్యున్నత క్రిమినల్ కోర్టు 2000లో షెనెకెల్ కేసులో సమర్థించింది. ఫ్లోరిడా ఇటీవల ఇందుకు పూర్తి భిన్నమైన దారి పట్టింది. 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బోటర్ ఫ్రీడమ్ యాక్ట్ ప్రకారం, తప్పు జరిగిందని నమ్మడానికి తగిన ఆధారం లేకుండా అక్కడి రాష్ట్ర అధికారులు బోటును ఆపకూడదు, ఎక్కకూడదు. కోస్ట్ గార్డ్ ఫెడరల్ సంస్థ కాబట్టి ఈ చట్టం వారిని కట్టడి చేయదు, ఫ్లోరిడా తీరంలో వారి అధికారం యథాతథంగా ఉంది.

తనిఖీ ఎలా ఉంటుందో తెలియనివారి కోసం, ఒకసారి మా బోటును ఆపినప్పుడు జరిగింది చెబుతాను. మేము నెమ్మదిగానే వెళ్తున్నాం, పిల్లలు లైఫ్ జాకెట్లతోనే ఉన్నారు. నీలి దీపం వెలిగించుకుంటూ ఒక పడవ వెనకనుంచి వచ్చి, రబ్బరు ఫెండర్లు మా బోటుకు ఆనేలా పక్కన ఆగింది. ఆయుధాలు ఏమైనా ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత పెద్దవాళ్ల లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటిగా పైకెత్తి చూపమన్నారు, లేబుల్ చదవడానికి వీలుగా లోపలి వైపు తిప్పించారు. నీళ్లలో పడ్డవారికి విసిరే కుషన్, ఈల, మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చగీత మీద ఉందో లేదో, దాని అడుగున అచ్చువేసిన తయారీ సంవత్సరం, ఇంజిన్ ఆపే తాడు, రిజిస్ట్రేషన్ కాగితం, అన్నీ చూశారు. మర్యాదగానే మాట్లాడారు, లోపమేదీ లేదని చెప్పి వెళ్లిపోయారు. అంతసేపూ మా చిన్నమ్మాయి నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. "నాన్నా, మనమేం చేశాం?" అని అడిగితే, ఏమీ చేయలేదమ్మా అన్నాను. మరి ఎందుకు ఆపారన్న ప్రశ్నకు చెప్పడానికి నా దగ్గర నిజమైన జవాబు లేకపోయింది.

మాది పైకప్పు లేని చిన్న బోటు కాబట్టి అంతటితో అయిపోయింది. నిద్రపోవడానికి పడకలూ, వంటకు పొయ్యీ, మరుగుదొడ్డీ ఉన్న పెద్ద పడవల్లో వ్యవహారం వేరు. తీరానికి మూడు నాటికల్ మైళ్లలోపు శుద్ధి చేయని మురుగును వదలకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, మరుగుదొడ్డి గొట్టాన్ని సముద్రంలోకి తిప్పే వై-వాల్వ్ తిరక్కుండా ప్లాస్టిక్ బిగింపు వేశారా, పిడి తీసేశారా అని చూడడానికి అధికారి క్యాబిన్‌లోకి దిగవచ్చు. ఏడాది పొడుగునా పడవలోనే కాపురముండేవారు ఎందరో ఉన్నారు. వారికి ఆ క్యాబినే ఇల్లు, ఆ సొరుగుల్లోనే బట్టలూ మందులూ ఉత్తరాలూ ఉంటాయి. ఇంటి గడప దాటడానికి న్యాయమూర్తి సంతకం కావలసిన దేశంలో, ఈ గడపకు ఆ పాటి విలువ లేకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది.

ఇంత రాసినా, తనిఖీ చేసేవారి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో వినోద బోట్ల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. మరణకారణం తెలిసినవారిలో నూటికి 75 మంది నీటమునిగి పోయినవారు, అలా మునిగినవారిలో లైఫ్ జాకెట్ సంగతి తెలిసినంతవరకు నూటికి 87 మంది దాన్ని వేసుకోనివారు. ప్రాణాంతకమైన ప్రమాదాలకు కారణాల్లో మద్యానిదే మొదటి స్థానం. ఆ శవాలను నీళ్లలోంచి తీసేది ఈ అధికారులే. వారు లైఫ్ జాకెట్ల గురించి పట్టుబట్టారంటే అందులో అర్థం ఉంది. తనిఖీలే రద్దు చేయమనడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అవుతుంది. కానీ ఈ అంకెలను జాగ్రత్తగా చూస్తే ఇంకొక సంగతి అర్థమవుతుంది. పెద్దవారి విషయంలో ఫెడరల్ నిబంధన అడిగేది మనిషికొక జాకెట్ బోటులో ఉండడం, ఒంటి మీద ఉండడం కాదు. 13 ఏళ్లలోపు పిల్లలకు మాత్రమే, బోటు కదులుతున్నప్పుడు, అదీ క్యాబిన్ బయట ఉన్నప్పుడు, తొడగడం తప్పనిసరి. పెద్దవాళ్ల జాకెట్లు సీటు కింద పెట్టెలో భద్రంగా ఉన్న బోటు తనిఖీలో నెగ్గుతుంది, మునిగేరోజున మాత్రం ఆ జాకెట్లు ఎవరికీ అందవు. మనిషి ప్రాణం నిలిపేది జాకెట్ తొడుక్కునే అలవాటు, ఆ అలవాటు అడ్డగించి చూసినందువల్ల రాదు.

నిజంగా ప్రమాదంలో ఉన్న బోటును గుర్తించడానికి అకారణంగా ఆపే అధికారం అక్కర్లేదు. నీటి మీద దాపరికం తక్కువ. జాకెట్ లేని పసిపిల్ల, పొద్దుగూకాక దీపాల్లేకుండా తిరిగే బోటు, బరువుకు అంచుదాకా మునిగిన పడవ, నెమ్మదిగా వెళ్లమని చెప్పే తేలే గుర్తుల (బోయ్‌ల) మధ్య అలలు లేపుతూ దూసుకుపోయేవాడు, ఇవన్నీ దూరం నుంచే కనిపిస్తాయి, ఆపడానికి ఏ న్యాయస్థానమైనా ఒప్పుకునే కారణాలు కూడా. తాగి నడిపేవారు బోటు నడిపే తీరుతోనే పట్టుబడతారు, వినోద బోటు నడిపేవారికి కూడా రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతమే ఫెడరల్ పరిమితి. ఇక పరికరాల సంగతి ఒడ్డునే తేల్చవచ్చు. వచ్చిన ప్రతి బోటునూ ర్యాంపు దగ్గర ఒకే పద్ధతిలో చూసే తనిఖీలో, ఎవరిని ఎంచుకోవాలన్న విచక్షణ అధికారి చేతిలో ఉండదు. ప్రౌజ్ తీర్పు తలుపు తెరిచి ఉంచినది సరిగ్గా అలాంటి పద్ధతికే. కోస్ట్ గార్డ్‌కు సహాయక సంస్థ అయిన ఆగ్జిలరీ వాలంటీర్లు ఇప్పటికే ఉచితంగా బోట్లు పరీక్షించి, లోపముంటే జరిమానా లేకుండా చెప్పి, అన్నీ ఉంటే ఆ ఏడాది స్టిక్కరు ఇస్తున్నారు. ఆ స్టిక్కరు ఉన్న బోటును పరికరాల పేరుతో మళ్లీ ఆపకూడదని ప్రతి రాష్ట్రమూ చట్టం చేస్తే, ర్యాంపుల దగ్గర జనం తమంత తామే వరస కడతారు.

అప్పటిదాకా, ఆగమన్నప్పుడు ఆగడమే మంచిది. ఇంజిన్‌ను న్యూట్రల్‌లో పెట్టి, చేతులు కనబడేలా ఉంచి, అడిగిన పరికరాలు చూపించాలి. భద్రతా తనిఖీని అడ్డుకోవడం కొత్త నేరాన్ని నెత్తికెత్తుకోవడమే. అయితే సంచులూ సొరుగులూ తెరవడానికి అనుమతి అడిగితే, ఇవ్వనని ప్రశాంతంగా, స్పష్టంగా చెప్పే హక్కు మీకుంది. ఆ తర్వాత వారు వెతికినా చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఆ వాదన కోర్టులో చేసుకోవలసినది. కోస్ట్ గార్డ్ వారు ఎక్కితే సీజీ-4100 అనే పత్రం మీద వివరాలు రాసి ఒక ప్రతి ఇస్తారు. దాన్ని రిజిస్ట్రేషన్ కాగితంతో కలిపి ప్లాస్టిక్ కవరులో దాచుకోండి, కొద్దిరోజుల్లో ఇంకొకరు ఆపితే చూపించడానికి పనికొస్తుంది.

ఇక్కడి ఎన్నికల్లో ఓటున్న తెలుగువారు ఈమధ్య సరస్సుల మీద చాలామందే కనిపిస్తున్నారు. రాష్ట్ర చట్టసభల్లో మీ ప్రతినిధికి ఉత్తరం రాసేటప్పుడు రెండే అడగండి: పరికరాల తనిఖీని ర్యాంపుకు మార్చమని, నీటి మీద బోటును ఆపిన ప్రతిసారీ ఆపడానికి ముందు అధికారి ఏం చూశాడో ఒక్క వాక్యంలో రాసి సంతకంతో ఇవ్వాలన్న నిబంధన పెట్టమని.