లోలకం రిపోర్టు: ఐదు వారాల లాగ్

మొదటి వారం

ఇంట్లో చిన్న చిన్న ఫిజిక్స్ ప్రయోగాలు చేసుకోవడం నా హాబీ. నోట్‌బుక్ నిండా అంకెలే. ఆరు నెలలు పోయాక తెరిస్తే ఏ అంకె దేనిదో నాకే అంతుపట్టదు. అందుకని ఈసారి ఒక్క ప్రయోగాన్నైనా పద్ధతిగా, అకడమిక్ రిపోర్టు రూపంలో రాయాలనుకున్నాను. లఘు లోలకం ఎంచుకున్నాను. దారానికి ఇనుప గుండు వేలాడదీసి, ఊపి, ఆవర్తన కాలాన్ని (ఒక డోలనానికి, అంటే అటూ ఇటూ ఒక పూర్తి ఊపుకు పట్టే సమయాన్ని) బట్టి గురుత్వ త్వరణం కనుక్కోవడం.

కొలతలు రెండు రోజుల్లో అయిపోయాయి. దారం పొడవులు 40, 55, 70, 85, 100 సెం.మీ. ఒక్కో పొడవుకూ 20 డోలనాల సమయం, ఐదేసి సార్లు. ఒక్క డోలనం కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు చెయ్యి సెకనులో పదో వంతు అటూ ఇటూ అవుతుంది. 20 డోలనాలు కొలిచి భాగిస్తే ఆ తేడా డోలనానికి 0.005 సెకన్లకు దిగుతుంది.

రాయడం మాత్రం ఉపోద్ఘాతంతో మొదలుపెట్టాను. అది పొరపాటు. గెలీలియో, 1656లో హైగెన్స్ తయారుచేసిన లోలక గడియారం, అలా పేజీన్నర నడిచింది. రెండు సాయంత్రాలు పోయాయి. తిరిగి చదివితే నా ప్రయోగానికి అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాదు. మొత్తం తీసేశాను.

రెండో వారం

ఈసారి మెథడ్‌తో మొదలుపెట్టాను. చేసింది చేసినట్టు రాయడమే కాబట్టి సులువనుకున్నాను. మొదటి వాక్యం ఇలా వచ్చింది: "దారానికి గుండు కట్టి కొంచెం పక్కకు లాగి వదిలాను." ఈ "కొంచెం" దగ్గరే గంట గడిచింది. కోణం చిన్నదైతేనే పొడవు, ఆవర్తన కాలాల నుంచి త్వరణం లెక్కించే మామూలు సూత్రం పనిచేస్తుంది. 10 డిగ్రీల దగ్గర ఆవర్తన కాలం 0.2 శాతం పెరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 1.7 శాతం. అంటే చదివేవాళ్లకు ఆ కోణం చెప్పి తీరాలి. అదృష్టవశాత్తు వెనకాల గోడకు కాగితం అంటించి, ప్రతిసారీ దారం పొడవులో పన్నెండో వంతు దూరంలో గుర్తు పెట్టుకునే లాగాను. అది 5 డిగ్రీల లోపే. వాక్యం మారింది: "గుండును దారం పొడవులో పన్నెండో వంతు దూరం పక్కకు లాగి, నెట్టకుండా వదిలాను."

కర్మణి ప్రయోగం గురించి కూడా ఒక నిర్ణయం తీసుకున్నాను. మొదటి డ్రాఫ్టులో "కొలవబడింది", "నమోదు చేయడం జరిగింది" లాంటివి కుప్పలుగా ఉన్నాయి. రిపోర్టంటే అలాగే ఉండాలేమో అన్న భయంతో రాసినవి. తెలుగులో ఆ వాక్యాలు కాళ్లీడుస్తూ నడుస్తాయి. "కొలిచాను" అంటే చాలు, "నేను" అని ప్రత్యేకంగా అనక్కర్లేదు కూడా. పరిశోధన పత్రాలు రాయడానికి చాలామంది పాటించే ఏపీఏ శైలి సైతం రచయిత తన పనిని ఉత్తమ పురుషలో చెప్పుకోవడాన్నే మెచ్చుతుంది. అన్నీ మార్చేశాను, మెథడ్ మూడో వంతు తగ్గింది.

మూడో వారం

రిజల్ట్స్. పట్టిక పేరు పట్టిక పైన, గ్రాఫు వివరణ గ్రాఫు కింద. యూనిట్లు ప్రతి గడిలో కాకుండా నిలువు వరుస శీర్షికలో ఒక్కసారే. ఒక వరుసలోని అంకెలన్నిటికీ దశాంశ స్థానాలు ఒకే లెక్కన. మొత్తం 25 రీడింగులూ అనుబంధంలోకి వెళ్లాయి, లోపల సగటులే ఉంచాను.

ఒక్కో పొడవు నుంచీ విడివిడిగా త్వరణం లెక్కిస్తే వరుసగా 9.44, 9.53, 9.58, 9.62, 9.65 మీ./సె² వచ్చాయి. సగటు 9.56. అసలు విలువ 9.8 దగ్గరుండాలని స్కూలు రోజుల నుంచీ తెలిసిందే. టెన్షన్ మొదలైంది. డిస్కషన్‌లో గబగబా ఒక వాక్యం రాసి పడుకున్నాను: "మానవ తప్పిదాలు, గాలి నిరోధం వల్ల ఫలితంలో స్వల్ప తేడా వచ్చింది."

నాలుగో వారం

ఈ వారమంతా ఆ ఒక్క వాక్యంతోనే సరిపోయింది.

డ్రాఫ్టు అక్కకు ఇచ్చాను. అక్క ఫిజిక్స్ చదవలేదు. "మెథడ్ ఒక్కటే చదువు. దాన్ని చూసి ప్రయోగం చేయగలవో లేదో చెప్పు" అన్నాను. స్కేలు పట్టుకుని కూర్చుంది. మూడో వాక్యం దగ్గర ఆగింది.

"పొడవంటే ఎక్కడి దాకారా? ముడి దాకానా, గుండు మధ్య దాకానా?"

నేను కొలిచింది ముడి దాకా. సూత్రంలో ఉండాల్సింది గుండు కేంద్రం దాకా. వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) చూస్తే గుండు వ్యాసం 3.0 సెం.మీ. అంటే ప్రతి కొలతలోనూ 1.5 సెం.మీ. తక్కువ.

అప్పుడు పట్టికను మళ్లీ చూశాను. 9.44 నుంచి 9.65 దాకా అంకెలు మెట్లెక్కుతున్నట్టు పెరిగాయి. యాదృచ్ఛిక దోషమైతే అటూ ఇటూ చెదరాలి, ఇలా వరుసలో నిలబడవు. 40 సెం.మీ. దారంలో 1.5 అంటే దాదాపు 4 శాతం, 100లో 1.5 శాతమే. అందుకే పొట్టి దారం దగ్గర దెబ్బ ఎక్కువ. ఈ సంగతి వారం రోజులుగా నా కళ్లెదుటే ఉంది. "మానవ తప్పిదం" అన్న మాట దాన్ని కప్పేసింది. ఆ మాట ఇక నా రిపోర్టుల్లో ఉండదు. ఏ కొలతలో, ఎంత, ఏ వైపు అన్నది రాయలేకపోతే దోషం గురించి ఏమీ చెప్పనట్టే.

గ్రాఫు కూడా అదే చెబుతోంది, నేనే దాని నోరు నొక్కాను. ఆవర్తన కాలపు వర్గాన్ని పొడవుకు ఎదురుగా గీసినప్పుడు, గీత మూలబిందువు గుండా పోవాలన్న ఆప్షన్ స్ప్రెడ్‌షీట్‌లో టిక్ చేసి ఉంచాను. అది తీసేస్తే వాలు 4.03 వచ్చింది, గీత నిలువు అక్షాన్ని 0.06 దగ్గర తాకింది. 0.06ను 4.03తో భాగిస్తే 0.015 మీటర్లు. గుండు వ్యాసార్థం! వెర్నియర్ ముట్టకుండానే గ్రాఫు చెప్పేసింది. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు, సంతోషంతోనే.

పొడవులో ఒకే మొత్తం తగ్గితే వాలు మారదు. కాబట్టి వాలు నుంచి తీసిన త్వరణం 9.80 ± 0.04. కాలిక్యులేటర్ 9.7963 అని చూపింది గానీ, రెండో దశాంశంలోనే అనుమానం ఉన్నప్పుడు నాలుగు దశాంశాలు రాయడం లేని నమ్మకాన్ని అరువు తెచ్చుకోవడమే.

పాత అంకెలకు 1.5 కలిపేసి, మొదటి నుంచీ సరిగ్గానే కొలిచినట్టు రాయొచ్చా? రాయలేదు. మెథడ్‌లో ముడి దాకా కొలిచానని, వ్యాసార్థం తర్వాత కొలిచి కలిపానని స్పష్టంగా పెట్టాను. 9.56 ఎలా వచ్చిందో డిస్కషన్‌లో ఒక పేరా ఉంది. రిపోర్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పేరా అదే.

పోల్చడంలోనూ ఒక సవరణ. 9.80665 అన్నది 1901లో ఒప్పందంగా నిర్ణయించుకున్న ప్రామాణిక విలువ. అసలు త్వరణం సముద్ర మట్టంలో భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. అందుకే "సరైన జవాబుతో తేడా ఇంత శాతం" అన్న వాక్యం తీసేసి, నా ఫలితం ఈ పరిధిలోనే ఉందని రాశాను.

ఐదో వారం

ఉపోద్ఘాతం నాలుగే వాక్యాలతో ముగిసింది. అబ్‌స్ట్రాక్ట్, అంటే రిపోర్టు సారాంశం, అన్నిటికన్నా చివర రాశాను: ఏం కనుక్కోవాలనుకున్నాను, ఎలా చేశాను, ఎంత వచ్చింది, దాని అర్థమేమిటి. ఫలితం అంకెతో సహా అందులో ఉండాలి, "ఫలితాలు చర్చించబడ్డాయి" అంటే చదివినవాళ్లకు ఏమీ దక్కదు. రిఫరెన్సులు జోటెరోలో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాను. చదివిన రోజే ఎక్కించి ఉంటే చివర్లో ఒక పూట మిగిలేది.

సవరించిన మెథడ్ ప్రింటు తీసి అక్కకు మళ్లీ ఇచ్చాను. ఈసారి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. 70 సెం.మీ. దారంతో 20 డోలనాలకు తనకు 34.1 సెకన్లు వచ్చింది, నా సగటు 33.96.