జిల్లా కమిటీ లిస్టులో నా పేరు ఏ గడిలో రాశారంటే

పార్టీ జిల్లా కమిటీలో ట్రాన్స్ మహిళనైన నాకు కార్యదర్శి పదవి వచ్చిందని పేపర్లో పడ్డాక ఫోన్లు ఆగలేదు. అభినందనల కన్నా ప్రశ్నలే ఎక్కువ. పక్క జిల్లాల ట్రాన్స్ అక్కచెల్లెళ్లు, గే అని ఇంట్లో కూడా చెప్పుకోలేని కొందరు కుర్రాళ్లు అందరూ అడిగింది ఒకటే: "ఎవర్ని పట్టుకున్నవక్కా?" ఎవర్నీ పట్టుకోలేదంటే నమ్మరు. రాజకీయాల్లో ఎవరో ఒకరిని పట్టుకోకుండా ఏదీ రాదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పట్టుకున్నది ఎవరిని, ఎక్కడ అడ్డం పడ్డారు, ఎలా దాటాను అన్నది రాస్తే మరొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పార్టీ పేరు మాత్రం రాయను. ఇంకా అందులోనే ఉన్నాను కదా.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఓటరు జాబితాలో 'ఇతరులు' అని నమోదయ్యే వీలు ఎన్నికల సంఘం 2009లోనే ఇచ్చింది. నా కార్డులో మాత్రం చాలాకాలం పాత పేరు, పాత ఫొటోనే ఉన్నాయి. 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చాక ఆన్‌లైన్ పోర్టల్‌లో అఫిడవిట్ పెట్టి, కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం తీసుకున్నాను. దాన్ని పట్టుకుని ఆధార్, తర్వాత ఫారం 8తో ఓటరు కార్డు మార్పించుకున్నాను. విసుగొచ్చే పనే. కానీ పార్టీలోకి వెళ్లేవాళ్లు ఇది ముందే ముగించుకోండి. పదవి దగ్గరికి వచ్చేసరికి మొదట పరీక్షించేది మన మాటలను కాదు, మన కార్డును.

సభ్యత్వం తీసుకోవడం తేలికైంది. రసీదు పుస్తకంలో పు/స్త్రీ అని రెండే గడులు. మా మండల అధ్యక్షుడు పెన్ను ఆపి, "ఏం రాయాలె చెల్లె?" అన్నాడు. "స్త్రీ అని రాయన్నా" అన్నాను. రాశాడు, రసీదు చింపి ఇచ్చాడు, పక్కవాడిని పిలిచాడు. అంతే. కింద ఉన్నవాళ్లతో నాకు ఎప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు. పైకి పోయేకొద్దీ ఏసీ గదులు పెరిగాయి, అనుమానాలూ పెరిగాయి.

పార్టీలకు మేం పనికిరాక కాదు. ర్యాలీ ముందు డప్పులతో నడవడానికి పిలుస్తారు, ఇంటింటి ప్రచారానికి పిలుస్తారు. మా జమాత్ వాళ్లు, అంటే ఒక కుటుంబంలా కలిసి ఉండే మా ట్రాన్స్ వాళ్లు, పెళ్లి ఇంటికీ, కొత్త దుకాణానికీ, పిల్లాడు పుట్టిన ఇంటికీ వెళ్తారు కాబట్టి బస్తీలో ఎవరు ఎటున్నారో బూత్ ఇన్‌చార్జి కన్నా ముందే తెలుస్తుంది. నేను వరసగా ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. పొద్దున మాక్ పోల్ దగ్గర్నుంచి సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే 17సీ కాగితం చేతికి వచ్చేదాకా లేవలేదు. నా బూతుల్లో మెజారిటీ వచ్చింది. గెలిచాక వేసిన ఫ్లెక్సీలో మండలంలోని సగం మంది ఫొటోలున్నాయి, నాది లేదు.

సంస్థాగత ఎన్నికలు ప్రకటించినప్పుడు జిల్లా అధ్యక్షుడే ఫోన్ చేశారు. సంతోషంగానే చెప్పారు: "నీ కోసమని ట్రాన్స్‌జెండర్ సెల్ పెడుతున్నం. చైర్‌పర్సన్ నువ్వే." ఆయన మంచి మనసుతోనే అన్నారని ఇప్పటికీ అనుకుంటాను. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

సెల్ అంటే పార్టీలో ఒక వర్గం కోసం పెట్టే విడి విభాగం. అది చిన్న విషయమేమీ కాదు. మహారాష్ట్రలో ఎన్సీపీ 2020లో ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) సెల్ పెట్టినప్పుడు మేం ఇక్కడ స్వీట్లు పంచుకున్నాం. ఒక పార్టీ ఆ నాలుగు అక్షరాలను తన లెటర్‌హెడ్ మీద వేసుకోవడం ఈ దేశంలో అప్పటికి లేనే లేదు. కానీ మా జిల్లాలో పనులు ఎలా నడుస్తాయో నాకు తెలుసు. వార్డు టికెట్ల జాబితా, మండల అధ్యక్షుల పేర్లు, ఎన్నికల ఖర్చు ఇవన్నీ తేలేది జిల్లా కమిటీలో. సెల్ చైర్‌పర్సన్‌కు విజిటింగ్ కార్డు వస్తుంది, ఆ మీటింగుకు పిలుపు రాదు. "సెల్ పెట్టండి అన్నా, మంచిదే. దానికి ఇంకెవర్నయినా చూడండి. నేను కమిటీలో అడుగుతున్న" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

మా జమాత్ పెద్ద, మా గురువుకు ఇది అస్సలు నచ్చలేదు. ఆమె భయం ఆమెది. 2018లో గోషామహల్ నుంచి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ టికెట్ మీద పోటీ చేసిన ట్రాన్స్ మహిళ చంద్రముఖి ప్రచారం మధ్యలో కనిపించకుండా పోయింది, హైకోర్టులో పిటిషన్ పడింది, ఆ తర్వాతే తిరిగొచ్చింది. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. "వాళ్లు వాళ్లు కొట్టుకుంటే నలిగేది మనమే బిడ్డా" అనేది గురువు. అయినా 2023లో వరంగల్ తూర్పులో పుష్పిత లయ బీఎస్పీ తరఫున నిలబడింది కదా అంటే, "నిలబడ్డది సరే, కూసోవెట్టిండ్రా?" అనేది. నిజం చెప్పాలంటే నా వాదన కూడా అదే. నిలబెట్టేవాళ్ల పక్కన కూర్చోవాలనే నేను అడుగుతున్నాను.

మొదట చేసిన పని పార్టీ నియమావళి చదవడం. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద రిజిస్టర్ కావాలంటే ప్రతి పార్టీ తన నియమావళిని ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. సంఘం వెబ్‌సైట్‌లో మా పార్టీది దొరికింది. సభ్యత్వానికీ పదవికీ పెట్టిన షరతుల్లో వయసు ఉంది, పౌరసత్వం ఉంది, లింగం గురించి ఒక్క ముక్క లేదు. ప్రింటు తీసి ఆ పేజీ మడత పెట్టుకున్నాను. పార్టీలో పాతికేళ్లుగా ఉన్నవాళ్లు కూడా దాన్ని మొదటిసారి చూశామన్నారు! తర్వాత మండల అధ్యక్షులను ఒక్కొక్కరినీ కలిశాను. సమానత్వం గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. మీ మండలంలో ఏ బూత్ ఎందుకు పోయింది, ఎవరిని కదిలిస్తే వస్తుంది, అదే మాట్లాడాను. పట్టుకున్నది ఎవర్ని అంటే వీళ్లనే.

రాష్ట్రం నుంచి వచ్చిన పరిశీలకుడు గెస్ట్‌హౌస్‌లో కూర్చుని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అభిప్రాయం తీసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు చాయ్ తెప్పించారు, నవ్వుతూ అడిగారు: "మీ వెనక ఎన్ని ఓట్లున్నయమ్మా?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. 2024 నాటికి దేశం మొత్తం మీద మూడో లింగంగా నమోదైన ఓటర్లు 48 వేల మంది. ఓటు బ్యాంకు లెక్కలో మాకు వార్డు మెంబరు కూడా రాదు. అందుకే కమ్యూనిటీ ఊసెత్తలేదు. బూతుల వారీగా గత ఎన్నికల ఓట్లు రాసుకెళ్లిన కాగితం ముందు పెట్టాను. చాయ్ చల్లారింది, ఆయన కాగితమే చూస్తూ ఉండిపోయారు.

అసలు గొడవ లిస్టు దగ్గర మొదలైంది. టేబుల్ మీద పొడుగు రిజిస్టర్ పరిచారు. అడ్డంగా గడులు: ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, చివర్న మహిళ. కార్యదర్శుల్లో మహిళలకు మూడు. నన్ను అందులో ఒకటిగా వేద్దామని అధ్యక్షుడు అనగానే మహిళా విభాగం అక్క లేచింది. "మాకిచ్చిందే మూడు. అండ్లకెళ్లి ఒకటి తీసి ఇస్తే మా పిల్లలు ఏం గావాలె?" అంది. లీగల్ సెల్ లాయరుగారు వెంటనే కట్నీ కేసు తీశారు. మధ్యప్రదేశ్‌లో కట్నీ మేయర్‌గా గెలిచిన, మావాళ్లలో ఒకరైన కమలా జాన్ ఎన్నికను, ఆ సీటు మహిళలకు రిజర్వయింది, ఈమె మహిళ కాదు అని కోర్టు రద్దు చేసింది. ఆయన చెప్పింది నిజమే. ఎటొచ్చీ అది 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పు ఇవ్వకముందు సంగతి. ఎవరు ఏ జెండరో వాళ్లే చెప్పుకునే హక్కు ఆ తీర్పుతో వచ్చింది. పైగా ట్రాన్స్ మహిళ అప్సరా రెడ్డిని 2019 జనవరిలో జాతీయ ప్రధాన కార్యదర్శిగా తీసుకున్నది మహిళా కాంగ్రెస్సే కదా. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

వాదనలో గెలిచాననే అనిపించింది. కానీ ఆ అక్క ముఖం చూస్తే నాకు గెలవాలనిపించలేదు. మీటింగులో వెనక కుర్చీల్లో కూర్చుని, మగవాళ్ల టీ కప్పులు సర్దుతూ, ఇన్నేళ్లకు సంపాదించుకున్న మూడు గడులవి. మిగతా ముప్ఫైకి పైగా పదవుల జోలికి ఎవరూ పోకుండా ఆ మూడింటి కోసం మేమిద్దరం జుట్టు పట్టుకుంటే చూస్తూ కూర్చోవడానికి ఆ గదిలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. నేను మహిళనే, ఆ మాట వదలను. కానీ నేను బీసీని కూడా. "నన్ను బీసీ గడిలో వేయండి, జనరల్‌గా" అన్నాను.

గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. బీసీ గడిలో ఉన్నవి మగవాళ్ల పేర్లే. అందులో ఒకరు అధ్యక్షుడి బావమరిది. ఇప్పటిదాకా నాకు మద్దతు పలికిన ఇద్దరు పెద్దమనుషులకు అప్పుడే నియమావళి గుర్తొచ్చింది, సీనియారిటీ గుర్తొచ్చింది, "సమాజం ఇంకా తయారు కాలేదు" అన్న మాటా గుర్తొచ్చింది. నన్ను కాపాడింది ఎవరో తెలుసా? ఆ మహిళా విభాగం అక్కే. "బీసీలల్ల ఈమె కన్న ఎక్కువ బూతులు చేసినోళ్లు ఉంటే చెయ్యి లేపుండ్రి" అంది. ఎవరూ లేపలేదు. బావమరిదిని ఉపాధ్యక్షుడిని చేశారు, అలంకారంగా. నా పేరు బీసీ కింద పడింది.

రాష్ట్ర ఆఫీసు నుంచి టైపు చేసి వచ్చిన లిస్టులో అందరి పేర్ల ముందూ శ్రీ అనో శ్రీమతి అనో ఉంది, నా పేరు ముందు ఖాళీ. జిరాక్సులు తీసే ముందు ఆఫీసు కార్యదర్శి నన్ను అడక్కుండానే పెన్నుతో శ్రీమతి అని చేర్చాడు. ఇంకా పెళ్లి కాలేదన్నా అంటే నవ్వి, "అయితది తియ్" అన్నాడు.

కమిటీలోకి వచ్చాక తెలిసిన విషయం ఇంకొకటుంది. ఎల్‌జీబీటీ అని మాట్లాడతాం కానీ పార్టీల్లో కనిపించేది మేమే, ట్రాన్స్ వాళ్లమే. దాచుకుందామన్నా దాగం కదా. మా సోషల్ మీడియా టీంలో ఒక కుర్రాడున్నాడు, మంచి పనిమంతుడు. ఒక రాత్రి పార్టీ ఆఫీసు మెట్ల మీద తాను గే అని చెప్పాడు. ఐపీసీ 377 సెక్షన్ కింద స్వలింగ సంబంధం నేరమన్నది 2018 సెప్టెంబరులోనే పోయినా, కండువా మెడలో ఉండగా ఆ మాట అనలేనన్నాడు. ఐర్లాండ్‌లో లియో వరద్కర్ గురించి నాకు చెప్పింది అతనే. ముంబై నుంచి వెళ్లిన డాక్టరుగారి కొడుకట. 2015లో మంత్రిగా ఉండగానే రేడియోలో గే అని చెప్పేసి, 2017లో పార్టీ నాయకుడై ప్రధాని అయ్యాడు. "అక్కడ సరే తమ్మీ, ఇక్కడ?" అంటే 2024 ఆగస్టులో శరద్ పవార్ పార్టీ అనీష్ గవాండేని జాతీయ అధికార ప్రతినిధిగా పెట్టుకున్న వార్త ఫోన్లో చూపించాడు. ఆయన గే అన్నది దాపరికమేమీ కాదు. మా జిల్లాలో ఆ మాట ఎప్పుడు చెప్పాలన్నది అతని ఇష్టం, నేను తొందరపెట్టను. కమిటీలో మాత్రం ఒక తీర్మానం పెట్టించాను, ఎవరి వ్యక్తిగత జీవితాన్నీ ప్రచారంలో గానీ అంతర్గత గొడవల్లో గానీ వాడకూడదని. చప్పట్లు కొట్టి పాస్ చేశారు. ఎంతవరకు నిలబడతారో ఎన్నికలొస్తే తెలుస్తుంది. రసీదు పుస్తకంలో మూడో గడి పెట్టాలని రాష్ట్ర ఆఫీసుకు రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు లేదు.

ఇప్పుడు వార్డు టికెట్ల కసరత్తు నడుస్తోంది. మొదట్లో గెలిచిన మావాళ్లు, మధ్యప్రదేశ్‌లో సోహాగ్‌పూర్ ఎమ్మెల్యే అయిన శబ్నం మౌసీ గానీ 2015లో రాయగఢ్ మేయర్ అయిన మధు గానీ, ఇండిపెండెంట్లే. పార్టీ గుర్తు మీద గెలుపు 2022లో కనిపించింది. వేలూరు కార్పొరేషన్‌లో డీఎంకే నుంచి గంగ, ఢిల్లీలో ఆప్ నుంచి బాబీ కౌన్సిలర్లయ్యారు. ఈ రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో రాసుకెళ్లి పోయిన మీటింగులో చదివాను. మా ఊళ్లో రెండు వార్డులకు ఇద్దరు ట్రాన్స్ మహిళల పేర్లు ప్రతిపాదించాను. రెండూ జనరల్ వార్డులే. అధ్యక్షుడు "చూద్దాం" అన్నారు. స్క్రీనింగ్ వచ్చే వారం.