మున్నార్‌లో రెండు రాత్రులు

బెజవాడ ఎండల్లోంచి వెళ్ళినవాళ్ళం కదా, 1,500 మీటర్ల ఎత్తున ఆ తేయాకు తోటలో మే నెలలో రగ్గు కప్పుకోవడమే మాకు సగం పండగ. గీజర్ పనిచేయలేదు, అదో గోల.

పొద్దున్నే పొగమంచులో ఆడవాళ్ళు కోతకి వచ్చారు. వేళ్ళతో తుంచుతారనుకున్నా, సంచి బిగించిన పెద్ద కత్తెరతో టకటకా కత్తిరిస్తున్నారు. నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కలతో పలకరిస్తే, ఒకావిడ రెండాకులూ ఒక మొగ్గా తుంచి నా చేతిలో పెట్టింది. నలిపి చూస్తే టీ వాసనే లేదు, పచ్చిగడ్డి వాసన! ఆకు వాడ్చి, నలిపి, గాలికి రంగు మారనిచ్చి, ఆరబెడితే గానీ ఆ వాసన రాదు.

నీలకురింజి పూలు మాత్రం చూడలేదు. 12 ఏళ్ళకోసారి పూస్తాయి, 2018లో పూశాయి. 2030 ప్రయాణానికి మా ఆయన్ని ఇప్పట్నుంచే ఒప్పిస్తున్నా.